వస్త్రాలకొక నీడ: అహమ్మదాబాద్ కాలికో మ్యూజియం

రాతి శిల్పం ఎండకు, వానకు శతాబ్దాల పాటు ఓర్చుకొనగలదు. పసుపుకొమ్ముతో అద్దిన గుడ్డకు అంతటి ఓర్పు లేదు; కిటికీ ప్రక్కన వ్రేలాడదీస్తే చూస్తుండగానే వెలిసిపోతుంది. వెలిసిన రంగు తిరిగి రాదు. కనుక వస్త్ర ప్రదర్శనశాలను నిర్మించే వాస్తుశిల్పి, ఏ వస్తువును జనానికి చూపవలసి ఉన్నదో దానినే వెలుతురు నుండి దాచవలసి ఉంటుంది.

అహమ్మదాబాద్‌లో మొదటి నూలు మిల్లు 1861లో ఆరంభమైంది. అంతకు ఎంతో ముందు నుండే అది బట్టల వర్తకానికి పేరొందిన నగరం. అక్కడ ఒక వస్త్ర సంస్థ ఉండాలని 1940ల దశకంలో కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి సూచించగా, గౌతమ్ సారాభాయ్, ఆయన సోదరి గీరా సారాభాయ్ 1949లో కాలికో మిల్లులోనే మ్యూజియం నెలకొల్పారు. మిల్లు గుడ్డ చేనేతను దెబ్బతీసిన సంగతి అందరూ ఎరిగినదే. ఆ మిల్లు ఆర్జనే చేనేత వస్త్రాలను కాపాడడానికి వినియోగపడటం వింతగానే తోస్తుంది.

సేకరణ పెరిగిన పిమ్మట, 1983లో మ్యూజియం షాహీబాగ్‌లోని సారాభాయ్ కుటుంబ నివాసానికి తరలింది. గీరా సారాభాయ్ అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ వద్ద పనిచేసి వచ్చిన వ్యక్తి. అయినా ఇక్కడి మ్యూజియానికి గాజు గోడల భవనం తగదు. గుజరాత్‌లో పాత హవేలీలు కూలిపోతున్న రోజులవి. వాటి చెక్కడపు కొయ్య ముఖభాగాలను, చూరును మోసే దిమ్మెలను సేకరించి ఇటుక గోడలకు అమర్చారు. ఒకనాడు వర్తకుల కుటుంబాలను ఎండ నుండి కాపాడిన ఇంటి తీరు ఇప్పుడు వస్త్రాలకు నీడ అయింది.

లోపలి గదులలో వెలుతురు మసక. సున్నితమైన వస్త్రాలపై 50 లక్సులకు మించి కాంతి పడరాదన్నది సాధారణంగా పాటించే నియమం. సందర్శకులను చిన్న బృందాలుగా మార్గదర్శకుల వెంట మాత్రమే పంపుతారు. దూరం నుండి వచ్చినవారికి ఇది విసుగు కలిగించవచ్చు. కాని లోపల ఉన్నవేమిటో తెలిస్తే ఆ విసుగు నిలవదు. మొగలు కాలపు గుడారాలు, నాథద్వారా పిఛవాయీలు, పాటన్ పటోలాలు అక్కడ ఉన్నాయి. పటోలాలో పడుగును, పేకను రెండింటినీ నేతకు ముందే ముడులు కట్టి రంగులద్దుతారు. నేసేటప్పుడు పోగు తన చోటు తప్పితే బొమ్మ అంచు చెదురుతుంది. ప్రక్కనే కోరమాండల్ తీరపు కలంకారీలు తెలుగు పాఠకుని పలకరిస్తాయి.

కాలికో మిల్లు 1990ల దశకంలో మూతపడింది. గీరా సారాభాయ్ 2021లో మరణించారు. షాహీబాగ్‌లోని మ్యూజియాన్ని సారాభాయ్ ఫౌండేషన్ నడుపుతున్నది.