పిల్లకు వయొలిను, నాకు ఆఖరి పీరియడు

1919లో విజయనగరంలో వెలసిన సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1936లో ఆ పీఠం ఫిడేలు నాయుడుగారిది, అంటే ద్వారం వెంకటస్వామినాయుడుగారిది. అలాంటి ఊరి పక్కన నెల్లిమర్లలో కాపురముంటూ పిల్లకు వయొలిను చెప్పించకుండా ఎలా ఉంటాం, చెప్పండి?

చిక్కల్లా గడియారంతోనే. మా కాలేజీ, వయొలిను మాస్టారు విజయనగరంలో. పిల్ల బడి నెల్లిమర్లలో. బడి నాలుగింటికి వదుల్తారు. నా ఆఖరి పీరియడు నాలుగున్నరకు గాని ముగియదు. నేను వెళ్లి పిల్లను తెచ్చేసరికి అక్కడ పాఠం అయిపోతుంది. (లెక్చరర్లకు తీరికెక్కువ అనేవారు చిత్తగించవలెను!)

చివరికి మా అత్తగారే పూనుకున్నారు. “నేను బస్సులో తీసుకొస్తాన్లే అమ్మాయ్, వచ్చేటప్పుడు ముగ్గురం కలిసొద్దాం” అన్నారు. ఆ మోకాళ్ల నొప్పులతో వారానికి అయిదు రోజులా? మాస్టారిని బతిమాలి రెండు రోజులు చేయించాను. డ్రాయింగు క్లాసు మాన్పించాను. పిల్ల ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

సాధకం మాత్రం తెల్లవారుజామునే. పక్కింటివారు ఇంతవరకూ ఏమీ అనలేదు.