కంటి శిబిరం సుగ్గికి ముందు పెడితే మేలు

ఆదోని: జూలై వచ్చిందంటే మన పట్టణాల్లోని లయన్స్, రోటరీ క్లబ్బులకు కొత్త సంవత్సరం. మనకు ఉగాది ఎలాగో వారికి జూలై 1 అలాగ. పాత అధ్యక్షుడు దిగి కొత్త అధ్యక్షుడు పీఠమెక్కుతారు. కార్యదర్శి, కోశాధికారి మారతారు. కల్యాణ మంటపంలోనో, హోటలు మేడ మీదనో పదవీ స్వీకారం జరుగుతుంది. ఆ ఏడాది ఎన్ని కంటి శిబిరాలు పెట్టాలి, ఏ బడికి బెంచీలు ఇవ్వాలి, ఎక్కడ చలివేంద్రం తెరవాలి అన్నది ఇంచుమించు ఆ రోజుల్లోనే నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయం జరిగేటప్పుడు పల్లె మనిషి అక్కడ ఉండడు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు వైపు ఊళ్లలో దీపావళి దాటితే సుగ్గి మొదలు. పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు లారీలెక్కి పోతాయి. చాలామంది మళ్లీ ఉగాది నాటికి గాని ఊరు చేరరు. ఇండ్లలో మిగిలేది ముసలివారు, వారి దగ్గర వదిలిన చిన్నపిల్లలు. చలికాలంలో కోస్తే కన్ను త్వరగా మానుతుందన్న పాత నమ్మకం ఒకటుంది. అందువల్ల కంటి శిబిరాలు కూడా తరచు ఆ నెలల్లోనే పడుతుంటాయి.

శిబిరం రోజు బడి వరండాలో అవ్వలు, తాతలు బారులు తీరి కూర్చుంటారు. టార్చిలైటు వేసి చూసి, పొర ముదిరింది, ఆపరేషన్ చేయాలి, ఎవరినైనా తోడు తెచ్చుకో అవ్వా అంటారు. తోడెవరున్నారు నాయనా, అందరూ సుగ్గికి పోయిరి అన్న జవాబే వస్తుంది. కాగితం మీద పేరు రాసుకుంటారు. బస్సు వచ్చిన రోజు అవ్వ ఎక్కదు. మనవడిని ఎవరి దగ్గర వదిలి ఎక్కుతుంది?

ఇందులో క్లబ్బు వారి తప్పు వెదకడం మా ఉద్దేశం కాదు. చలికాలమే మంచిదన్న మాట నేటి వైద్యంలో నిలవదు. వానాకాలమైనా, ఎండాకాలమైనా ఆపరేషన్ గదిలో ఒకటేనని కంటి డాక్టర్లు చెబుతున్నారు. పాత రోజుల్లో శిబిరమంటే బడిలోనో, సత్రంలోనో ఆపరేషన్ కూడా అక్కడే జరిగేది. కంటిలోని కటకం తీసేసి కట్టు కట్టి, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. తర్వాత సీసా అడుగంత మందం అద్దాలు. ఆ అద్దాలు పగిలితే మళ్లీ చీకటే. ఇప్పుడు ఊళ్లో పరీక్ష మాత్రమే జరుగుతుంది. ఎంపికైన వారిని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లి, కంటిలోనే చిన్న కృత్రిమ కటకం అమర్చి, ఒకటి రెండు రోజుల్లో ఇంటి దగ్గర దింపుతారు. ఈ మార్పుకు 1994 నుంచి 2002 దాకా ప్రపంచ బ్యాంకు సాయంతో మన రాష్ట్రం సహా ఏడు రాష్ట్రాల్లో సాగిన పథకం బాగా తోడ్పడింది.

పాత శిబిరాలను తక్కువ చేయరాదు. ఈ జిల్లాలోనే పుట్టిన కంటి డాక్టరు పి. శివారెడ్డి గారు హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో పనిచేస్తూ ఊరూరా శిబిరాలు పెట్టి వేలమందికి చూపు ఇచ్చారు. 1977లో పద్మభూషణ్ పొందారు.

సింహాలకు, కంటికి సంబంధమేమి?

లయన్స్ క్లబ్బుల సంస్థ 1917లో అమెరికాలోని షికాగోలో పుట్టింది. మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి ఆద్యుడు. 1925లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన వారి మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చారు. చిన్ననాడే చూపూ, వినికిడీ పోగొట్టుకుని చదువులో ముందుకు వచ్చిన ఆ మహిళ, అంధుల పక్షాన పోరాడే వీరులు కండని వారిని కోరారు. నాటి నుంచి కంటి సేవ లయన్స్ వారి ముఖ్య బాధ్యత అయింది. ఒక అతిథి ప్రసంగం వందేళ్లుగా పని చేయిస్తున్నదంటే విశేషమే గదా. మన దేశంలో మొదటి లయన్స్ క్లబ్బు 1956లో బొంబాయిలో వెలిసింది.

రోటరీ అంతకన్నా పాతది. 1905లో పాల్ హారిస్ అనే లాయరు అదే షికాగోలో మొదలుపెట్టారు. సభ్యుల ఆఫీసుల్లో వంతులవారీగా సమావేశం జరిగేది గనుక ఆ పేరు. కలకత్తాకు 1920లో వచ్చింది. రోటరీ వారు 1985లో పోలియో మీద ప్రపంచవ్యాప్తంగా పూనుకున్నారు. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక చుక్కలు వేసే ఆదివారాల్లో వారి బ్యానర్లు, టోపీలు చూడని ఊరు తక్కువ. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించింది.

ఇక గవర్నరు సంగతి. క్లబ్బుకు గవర్నరు గారు వస్తున్నారని గోడపత్రం పడితే, రాజభవన్ నుంచే వస్తున్నారని అర్జీలు పట్టుకుని పోయినవారు ఉన్నారు. ఆయన క్లబ్బుల జిల్లాకు గవర్నరు. మన కలెక్టరు గారి జిల్లాకూ ఆ జిల్లాకూ పొత్తు లేదు. సభ్యుల పేరుకు ముందు లయన్ అని ఉంటే ఇంటిపేరు అనుకోనక్కరలేదు. లయన్స్ క్లబ్బులో సరదా జరిమానాలు వేయడానికి టెయిల్ ట్విస్టర్ అనే పదవి కూడా ఒకటుంది. కోటుకు బిళ్ల పెట్టుకోకుండా వచ్చినా జరిమానాయే!

అతిథులు మేడ మీద, వినేవారు పొలంలో

సమావేశాల్లో ముఖ్య అతిథి ప్రసంగం తప్పనిసరి. పశువైద్యులు గాలికుంటు టీకాల గురించి చెబుతారు. బ్యాంకు మేనేజరు పంట రుణాల గురించి, వ్యవసాయాధికారి పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి చెబుతారు. మంచి విషయాలే. అయితే విన్నవారు బట్టల వ్యాపారులు, లాయర్లు, డాక్టర్లు. గొడ్డు ఉన్నవాడు, చేను ఉన్నవాడు ఆ మేడ ఎక్కడు. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, భోజనాలతో సభ ముగుస్తుంది. ఏడాదికి ఒకటి రెండు సమావేశాలు ఊరి రచ్చకట్ట మీద పెడితే అదే ప్రసంగం పదింతలు పనికివస్తుంది. శాలువా ఖర్చు కూడా తగ్గుతుంది.

డబ్బు విషయం కూడా జనం తెలుసుకోవాలి. క్లబ్బు నడపడానికి సభ్యులు కట్టే చందా వేరు, సేవ పేరుతో ప్రజల దగ్గర వసూలు చేసేది వేరు. ప్రజల డబ్బు ప్రజల పనికే వాడాలని లయన్స్ వారి నియమం. చందా ఇచ్చినవారు లెక్క అడిగితే నొచ్చుకోవలసిన పని లేదు. ఉచిత ఆపరేషన్లకు అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వం స్వచ్ఛంద ఆసుపత్రులకు ఆపరేషనుకు ఇంతని చెల్లిస్తుంది. ఈ కార్యక్రమం 1976 నుంచి ఉంది. క్లబ్బు మోసే భారమల్లా దండోరా, షామియానా, బస్సు, భోజనాలు, మనుషులను కూడగట్టడం. ఇది చిన్న పనేమీ కాదు. ఇంటింటికీ తిరిగి ముసలివారిని బస్సెక్కించే మనిషి లేకపోతే పెద్ద ఆసుపత్రి ఉండీ ప్రయోజనం లేదు.

ఆపరేషన్ అయ్యాక నెలా, నెలన్నర పాటు రోజుకు పలుమార్లు చుక్కల మందు వేయాలి. తలస్నానం కొన్నాళ్లు పనికిరాదు. పొయ్యి పొగ, దుమ్ము తగలరాదు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, చూపు తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. చేతులు వణికే అవ్వ ఒంటరిగా తన కంట్లో తాను చుక్కలు ఎలా వేసుకుంటుంది? పొగ పొయ్యి ఎవరు ఊదుతారు? అందుకే కొడుకు, కోడలు ఊళ్లో ఉన్నప్పుడే ఈ పని జరగాలి. శ్రావణం, భాద్రపదంలో గాని, ఉగాది దాటాక గాని అయితే తోడుంటుంది.

ఇంకొక చిక్కు రక్తపోటు, చక్కెర. ఇవి అదుపులో లేనివారిని ఆసుపత్రి దాకా పోయినా ఆపరేషన్ చేయకుండా తిప్పి పంపుతారు. ఒకసారి వెనక్కి వచ్చిన తాత మళ్లీ బస్సెక్కడు. శిబిరానికి నెల ముందే ఊళ్లోనే ఈ పరీక్షలు చేయించి, మందులు మొదలుపెడితే ఆ బాధ తప్పుతుంది. నీటికాసులు అనే జబ్బు వేరు. అందులో పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడమే. పొర అనుకుని సంవత్సరాలు ఊరుకోకుండా చూపించుకోవడం అవసరం.

శిబిరం కావలసిన ఊరివారు పంచాయతీ నుంచి ఒక కాగితం రాసి జూన్‌లోనే క్లబ్బు కార్యదర్శికి అందజేయవచ్చు. అందులో పొర ఉన్నవారి పేర్లు, వయసు, తోడు రాగలవారి ఫోను నంబరు రాయాలి. ఊరివారు సుగ్గికి బయలుదేరే నెల కూడా రాయాలి. శిబిరానికి వచ్చేటప్పుడు ఆధార్ నకలు, వాడుతున్న మందుల చీటీ వెంట ఉండాలి.