రాతినారను పట్టి ఉంచే పచ్చిక

రాయిలో నార ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు. కాని రాతినార అలాంటి ఖనిజమే. పులివెందుల ప్రాంతంలో ఇది దొరుకుతుంది. నిప్పుకు కాలదు కనుక సిమెంటులో కలిపి ఇంటికప్పు రేకులు చేశారు. అయితే దీని పోగులు వెంట్రుకకన్న ఎంతో సన్ననివి. గాలితో ఊపిరితిత్తులలో చేరితే అక్కడే నాటుకుంటాయి. ఇరవై, ముప్పై ఏళ్ల తరువాత కూడా క్యాన్సరు కలిగించగలవు.

ఇటలీలోని బలాంజెరో గనిని 1990లో మూసివేశారు. తవ్విపోసిన రాతిపొడి గుట్టలుగా మిగిలింది. అందులో మెగ్నీషియం, నికెల్ ఎక్కువ; నత్రజని తక్కువ; నీరు నిలవదు. అలాంటి నేలలో మొక్క బతకడమే కష్టం. అయినా వాలులను సరిచేసి గడ్డి విత్తనాలు చల్లారు, చెట్లు నాటారు. వేళ్లు పొడిని కదలనివ్వవు. ఆకులు వానచినుకుల దెబ్బను ఆపుతాయి. మొక్క రాతినారను పీల్చుకుంటుందనుకోవడం మాత్రం పొరపాటు. పోగులు మట్టిలోనే ఉంటాయి. గాలికి లేవవు, అంతే.

వేళ్ల చుట్టూ ఉండే బూజు మరికొంత పని చేయగలదు. శనగ చేలకు ఎండుతెగులు తెచ్చే ఫ్యుసేరియం జాతి బూజే నీలి రాతినార పోగులలోని ఇనుమును లాగివేస్తుందని ఇటలీ శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించారు. పోగుల హానికి ఆ ఇనుము ఒక ముఖ్య కారణం. అయితే ఇది ప్రయోగశాలలో తేలిన విషయం. గుట్టల మీద ఇప్పటికీ ఆధారం పచ్చికే. దానిని పెళ్లగిస్తే పొడి మళ్లీ గాలిలోకి లేస్తుంది.