మీకు తెలుసా? ఊచలు లేని జైలు కథ

1969లో వచ్చిన హాలీవుడ్ కామెడీ వెస్టర్న్ ‘సపోర్ట్ యువర్ లోకల్ షెరిఫ్!’లో జైలుకు ఊచలు ఉండవు. షెరిఫ్‌గా వేసిన జేమ్స్ గార్నర్ నేలమీద సుద్దగీత గీసి, దాని దగ్గర ఎర్రరంగు చుక్కలు చల్లుతాడు. ఆ మరకల్ని చూసి జడిసిన ఖైదీ బ్రూస్ డెర్న్ గీత దాటడు. మామూలు వెస్టర్న్‌లలో తుపాకీ చేసే పని ఇక్కడ బుర్ర చేస్తుంది.

ఇది వెస్టర్న్‌లను చులకన చేయడమే కదా అని ఎవరైనా అనవచ్చు. తీసినవాళ్ల చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. దర్శకుడు బర్ట్ కెనడీ అంతకుముందు ‘సెవెన్ మెన్ ఫ్రమ్ నౌ’ (1956) వంటి గంభీరమైన వెస్టర్న్‌లు రాసినవాడు. ఇందులో దుండగుల తండ్రిగా నవ్వించిన వాల్టర్ బ్రెనన్, జాన్ ఫోర్డ్ తీసిన ‘మై డార్లింగ్ క్లెమెంటైన్’ (1946)లో అలాంటి తండ్రిగానే భయపెట్టాడు. పైగా ఈ షెరిఫ్ గురి తప్పనివాడు, చివరికి ఊళ్లో శాంతి నిలిపినవాడు. అంటే సినిమా ఎగతాళి చేసింది అరిగిపోయిన పద్ధతుల్నే, న్యాయం గెలవాలన్న నమ్మకాన్ని కాదు. బాగా ఎరిగి, ప్రేమించినవాళ్లే ఇంత మెత్తగా నవ్వించగలరు.