మంద కట్టిన చేతులకు మట్టిలో వాటా ఏది?

ప్రకృతి వ్యవసాయం గురించి మాట్లాడే వేదికల మీద ఆవు పేడకు దక్కే గౌరవం గొర్రె పెంటికకు దక్కదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలై, రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో బీజామృతం, జీవామృతం రెండూ దేశవాళీ ఆవు పేడ, మూత్రాలతో తయారయ్యేవే. అందులో తప్పు పట్టవలసింది లేదు. అయితే తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే సగటు లెక్క కూడా చూడాలి. పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం ఉంటాయి. గొర్రె, మేక ఎరువులో అవి వరుసగా 3, 1, 2 శాతం. నేలకు కులం తెలియదు. ఎరువును సైతం పవిత్రత కొలబద్దతో చూసేది మనుషులే.

నెల్లూరు తీరంలో ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. కృష్ణపట్నం చుట్టుపక్కల ముత్తుకూరు, చిల్లకూరు, కోట మండలాల్లో ఇసుకపాలు ఎక్కువైన నేలలు విస్తారంగా ఉన్నాయి. వాటిలో నీరు నిలవదు. వేసిన యూరియా ఈశాన్య రుతుపవనాల వానకు కిందికి జారిపోతుంది. అలాంటి నేలకు సేంద్రియ పదార్థమే ప్రాణం. దాన్ని నేలకు చేర్చడానికి తరతరాలుగా తెలిసిన ఉపాయం మంద కట్టడం. కోతలు పూర్తయ్యాక గొర్రెల మంద పొలంలో దిగుతుంది. పగలు కొయ్యకాళ్ల మధ్య మొలిచిన గడ్డి, రాలిన గింజ, గట్ల మీది ఆకు మేస్తుంది. రాత్రి వలలతోనో తడికెలతోనో కట్టిన దొడ్డిలో ఆ పొలంలోనే పడుకుంటుంది. మర్నాడు దొడ్డి పక్క చెక్కకు జరుగుతుంది. పెంటకుప్పలో వృథాగా పోయే మూత్రం ఇక్కడ నేరుగా నేలలో ఇంకుతుంది. గిట్టల తొక్కిడికి పెంటిక మట్టిలో కలుస్తుంది. ఆపైన పైపైన దున్నితే చాలు. బండి కిరాయి లేదు, చల్లే కూలి లేదు. ఎకరం, రెండెకరాల కుటుంబానికి ఇంత అనువైన ఎరువు అరుదు.

విదేశాల్లో ఇప్పుడు ఇదే సూత్రానికి నిర్వహిత మేత అనే పేరుతో శిక్షణ తరగతులు నడుస్తున్నాయి. మందను ఒకచోట కొద్దికాలమే ఉంచాలి, మేసిన గడ్డి కోలుకునేదాకా తిరిగి అక్కడికి రానివ్వకూడదు అన్నది దాని సారం. దీనికి విస్తృత ప్రచారం కల్పించిన జింబాబ్వే దేశస్థుడు అలన్ సేవరీ, మేతతో ఎడారులనే పచ్చగా మార్చవచ్చన్నప్పుడు పలువురు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. మంద ఒకేచోట పాతుకుపోతే నేల దెబ్బతింటుందన్న విషయంలో మాత్రం పేచీ లేదు. సేవరీకి నిపుణుడన్న పేరు దక్కింది. ఇక్కడ ఏ గట్టున ఏ గడ్డి ఎప్పుడు మొలుస్తుందో, ఏ చెక్కలో ఎన్ని రాత్రులు చాలునో ఎరిగినవాడు గొర్రెల కాపరిగానే మిగిలాడు. ‘నేను హిందువు నెట్లయిత’ రచయిత, కురుమ కుటుంబంలో పుట్టిన కంచ ఐలయ్య, ఉత్పత్తి కులాల పనిలో ఉన్నది విజ్ఞానమేనని దశాబ్దాలుగా వాదిస్తున్నది ఇందుకే.

2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. తెలంగాణ తరువాత దేశంలో ఇదే పెద్ద సంఖ్య. పల్ల, జొడిపి, డోర అనే మూడు రకాలుగా కనిపించే నెల్లూరు జాతి, దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె. ఉన్ని కాక వెంట్రుక ఉండే ఈ జాతి వేడికి తట్టుకుంటుంది, దూరాలు నడుస్తుంది. ఆ జాతిని ఎంచి, పెంచి, నిలబెట్టింది గొల్ల, కురుమ కుటుంబాల శ్రమ. పశువుల కాపు పనిలో యానాదులూ ఉన్నారు. మాల, మాదిగ కుటుంబాలూ జీవాలను పెంచుకుంటున్నాయి. వీరిలో చాలామందికి సొంత భూమి లేదు, ఉన్నా అది చిన్న కమతమే.

అంటే మంద కట్టడం ఒక ఒప్పందం. భూమి ఒకరిది, మంద మరొకరిది. రాత్రికి ఇంత అని ధాన్యమో డబ్బో ముట్టజెప్పడం దాని పద్ధతి. కానీ ఇద్దరూ సమానులుగా కూర్చొని చేసుకునే ఒప్పందం కాదది. మంద వచ్చిన ఊళ్లో కాపరికి సొంత చోటు లేదు. నీళ్ల కోసం, మేత కోసం భూస్వామి మాట వినక తప్పదు. వందల గొర్రెలున్న మంద పెద్ద కమతాలకే మొగ్గు చూపడమూ సహజమే. చుట్టూ పైరున్నప్పుడు ఎకరం చెక్కలో మందను ఆపడం కష్టం, అక్కడ వచ్చే ప్రతిఫలమూ తక్కువ. ఫలితంగా ఏ నేలకు ఎరువు అత్యవసరమో ఆ నేలకు మంద చేరదు. ప్రభుత్వం దళితులకు పంచిన భూమి తరచుగా ఊరికి దూరంగా ఉన్న బంజరే. శూద్ర కులాల మంద, అగ్రకులాల పొలం మీదుగా నడిచి, దళితుడి చెక్క దగ్గర ఆగకుండా వెళ్లిపోతుంది. కులం శ్రామికులను మెట్లుగా విడదీస్తుందని అంబేడ్కర్ 1936లోనే హెచ్చరించారు. ఆ మెట్లు మట్టిసారంలోనూ కనిపిస్తాయి.

పొలంలో పైరున్న నెలల్లో మంద ఎక్కడ బతకాలి? మేత పోరంబోకు, బంజరు, చెరువు గర్భం, ఇసుక దిబ్బలు దానికి ఆధారం. ఈ తీరంలో ఆ ఆధారమే కుంచించుకుపోయింది. 1990ల నుంచి రొయ్యల గుంటలు పొలాల మధ్యకు ఉప్పునీటిని తెచ్చాయి. 2008లో కృష్ణపట్నం రేవు ప్రారంభమైంది, ఆపై అదానీ సంస్థ చేతికి వెళ్లింది. నేలటూరులో థర్మల్ కేంద్రం వెలిసింది. దానికి పెట్టిన పేరు, రాష్ట్ర తొలి దళిత ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్యది. 2025 జనవరి 8న కృష్ణపట్నం పారిశ్రామిక నగరానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. కదలడానికి చోటు లేని మంద ఉన్న గడ్డినే మళ్లీ మళ్లీ కొరుకుతుంది. అప్పుడు నేల గుల్లవుతుంది. నింద మాత్రం చోటును తీసుకున్నవారికి కాక, గొర్రెలకూ వాటి కాపరికీ తగులుతుంది.

పోరంబోకును దళితులకు పంచడం వల్లే మేత తరిగిందని కొందరంటారు. ఎకరం, రెండెకరాల పట్టాను వందల, వేల ఎకరాల కేటాయింపుతో సమానం చేసే మాట ఇది. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామస్థులకు అప్పగించాలని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో ఆదేశించిన సుప్రీంకోర్టు, భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూములను మినహాయించవచ్చని ఆ తీర్పులోనే చెప్పింది. కాపరినీ అసైన్డ్ రైతునూ ఎదురెదురుగా నిలబెట్టడం ఎవరికి లాభమో గ్రహించాలి.

చట్టమూ కాపరిని సరిగా చూడలేదు. 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబాల నిర్వచనం వ్యవసాయ కూలీలను, కౌలుదారులను, చేతివృత్తులవారిని, వేటగాళ్లను, మత్స్యకారులను, పడవ నడిపేవారిని పేర్కొంది. గొర్రెల కాపరి పేరు అందులో లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సంచార పశుపోషకుల మేత హక్కును గుర్తించింది కానీ అది అడవికే పరిమితం. తీరప్రాంతపు బంజరులో తిరిగే మంద ఈ రెండు చట్టాల మధ్య జారిపోయింది.

గొర్రెలు పంచితే సరిపోతుందన్న ఆలోచననూ చూశాం. తెలంగాణ ప్రభుత్వం 2017లో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యాదవ, కురుమ కుటుంబాలకు ఇచ్చింది. వారి వృత్తిని గుర్తించిన పథకమే అయినా, మేత భూమి మీద హక్కు దానితో రాలేదు. జీవాలను పెంచే దళిత, ఆదివాసీ కుటుంబాలకూ అందులో చోటు లేకపోయింది. కులవృత్తిని కులానికే కట్టివేసే సంక్షేమం, ఆ కులపు పిల్లలకూ మేలు చేయదు. కాపరి బిడ్డ కాపరే కావాలని ఎవరూ కోరడం లేదు. ఈ విద్య ఎవరు చేసినా నిపుణుడి పనిగా దానికి వెల కట్టాలన్నదే డిమాండ్.

అందుకు మార్గాలున్నాయి. ప్రకృతి వ్యవసాయ నిధుల నుంచి, చిన్న, అసైన్డ్ కమతాల్లో మంద కట్టే కాపరికి రాత్రి లెక్కన ప్రతిఫలం చెల్లించాలి. పక్కపక్క చెక్కల రైతులు కలిసి మందను పిలుచుకునేలా గ్రామ సంఘాలు పూనుకోవాలి. పెంపకందారుల సహకార సంఘాల్లో యానాది, మాల, మాదిగ పోషకులకు సభ్యత్వం ఇవ్వాలి. మిగిలిన మేత పోరంబోకును సర్వే చేసి, హద్దులు నాటి, పంచాయతీ రికార్డుకెక్కించాలి. కృష్ణపట్నం పరిధిలో ఇకపై జరిగే ప్రతి సేకరణలో, మేత కోల్పోయే కాపరిని బాధితుడిగా లెక్కించాలి.

భూమికి సారం తెచ్చేవారికి భూమి మీద మాట లేకపోవడం మన గ్రామాల పాత నియమం. ప్రకృతి వ్యవసాయం ఆ నియమాన్ని మార్చకుండా ఎరువును మాత్రమే మారిస్తే, పండేది పాత పంటే.