తాళం పడిన ఇంటికి... పరీక్ష!

వీధిలో ఓ ఇంటికి తాళం పడితే పక్కింటివాళ్లకేంటి నష్టం? అమెరికాలోని క్లీవ్‌లాండ్ వాసుల్ని అడిగితే చెబుతారు. అప్పు తీర్చలేక కుటుంబం వెళ్లిపోతుంది. ఖాళీ ఇంట్లోని రాగి గొట్టాలు దొంగలపాలవుతాయి. వాయిదాలు తప్పకుండా కట్టే పక్కింటివాళ్ల ఇంటి ధర కూడా పడిపోతుంది!

అలాంటి పేటల్ని నిలబెట్టేందుకు అమెరికా ప్రభుత్వం 2008లో ఓ పథకం తెచ్చింది. మొదటి విడతలో 392 కోట్ల డాలర్లను లెక్క ప్రకారం రాష్ట్రాలకూ నగరాలకూ పంచింది. 2009లో రెండో విడతకొచ్చేసరికి పోటీ పెట్టింది. నిధి సుమారు 200 కోట్ల డాలర్లు.

దరఖాస్తు అంటే ఆషామాషీ కాదు. కనీసం 50 లక్షల డాలర్లు అడగాలి. వంద ఇళ్లనైనా మళ్లీ వాడుకలోకి తేవాలి. సగం సొమ్ము రెండేళ్లలో, మిగతాది మూడో ఏడు ముగిసేలోగా ఖర్చుపెట్టాలి. పావువంతు నిధులు పేద కుటుంబాల ఇళ్లకే.

మార్కులు 150. అందులో పేట కష్టానికి దక్కేవి 40 మాత్రమే! పని చేయగల సత్తాకు 40, ప్రణాళికకు 45. అంటే... బాగా దెబ్బతిన్నా, కాగితం మీద దారి చూపించలేని పేట వెనకబడిపోతుంది.

ఒంటరిగా నెగ్గలేమనుకున్నవాళ్లు జట్టు కట్టొచ్చు. క్లీవ్‌లాండ్ అదే చేసింది. నగరం, కౌంటీ, గృహనిర్మాణ సంస్థ, ఖాళీ ఇళ్లను సేకరించే ల్యాండ్ బ్యాంకు కలిసి అడిగాయి. 4 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి.

మొత్తం దరఖాస్తులు 482. 2010 జనవరిలో నెగ్గినవి 56. మిగతా పేటల్లోనూ ఇళ్లకు తాళాలున్నాయి... మార్కులే చాలలేదు!