పది మీటర్ల గురికాడికి గాలి చెప్పే పాఠం

మంగళగిరి వెళ్ళినప్పుడు దిగువ గుడి గాలిగోపురాన్ని తలెత్తి చూసే ఉంటారు. పదకొండు అంతస్తులు, 153 అడుగుల ఎత్తు. మీటర్లలో చెబితే 47కు కాస్త తక్కువ. ఆ గోపురాన్ని మెల్లగా నేలమీద పడుకోబెట్టామనుకోండి. పాదం దగ్గర మీరు రైఫిల్‌తో ఉన్నారు. శిఖరానికి ఇంకో మూడు మీటర్ల అవతల చొక్కా గుండీ అంత చుక్క ఉంది. దాన్ని కొట్టాలి. ఒకసారి కాదు, అరవైసార్లు! 50 మీటర్ల రైఫిల్ పోటీ అంటే ఇదే.

రైఫిల్ పట్టేవారిలో చాలామంది మొదట నేర్చేది ఇది కాదు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. తిరునాళ్ళలో బుడగలు పేల్చే తుపాకీకి అది పెద్దన్న లాంటిది (ధరలో మాత్రం ముత్తాత). నొక్కిపెట్టిన గాలి బలంతో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. పోటీ జరిగేది నాలుగు గోడల మధ్య. అక్కడ ఆకు కదలదు.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 జూలై 30న లండన్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలోనే కాంస్య పతకం గెలిచాడు. మొదటి అరవై గుళ్ళకు 600లో 598 తెచ్చుకున్నాడు. నాలుగు రోజుల తరువాత అదే మనిషి 50 మీటర్ల దూరానికి బోర్లా పడుకుని కాల్చాడు. ఈసారి 593. ఫైనల్ చేరడానికి 595 కావలసివచ్చింది. రెండే రెండు పాయింట్లు! ఒక పాయింటు పోవడానికి ఎంత తేడా చాలునో లెక్క వేద్దామా?

50 మీటర్ల పోటీలో వాడే పాయింట్ టూ టూ బుల్లెట్ బరువు 2.6 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు. గురి చేరేసరికి సెకనులో ఆరోవంతు కాలం పడుతుంది. ఆ కొద్దిపాటి కాలంలోనే భూమి దాన్ని పన్నెండు సెంటీమీటర్లకు పైగా కిందికి లాగేస్తుంది. అయినా భయం లేదు. భూమ్యాకర్షణ నిన్న ఎంతో నేడూ అంతే. గురిచూసే మరను ఒకసారి సరిచేసుకుంటే సరిపోతుంది.

చిక్కంతా గాలితోనే. కళ్ళంలో తూర్పారబట్టడం చూశారు కదా? చేటలోంచి గింజ, పొట్టు ఒకేసారి జారతాయి. గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది, పొట్టు ఎక్కడికో పోతుంది. వీచిన గాలి ఒకటే. కానీ తేలికైన పొట్టు తన వేగాన్ని తొందరగా గాలికి అప్పగించి దాని వెంట నడుస్తుంది. బుల్లెట్ సంగతీ అంతే. ముందుకు పోతూ గాలి అడ్డుకు ఎంత ఆలస్యమైతే, పక్కగాలికి అంతగా లొంగుతుంది. 50 మీటర్లలో ఆ ఆలస్యం సెకనులో సుమారు వెయ్యింట ఆరు వంతులు. ముఖానికి చల్లగా తగిలే గాలి వేగం సెకనుకు 2 మీటర్లు అనుకోండి. రెంటినీ గుణిస్తే 12 మిల్లీమీటర్లు. అంత పక్కకు పోతే పది రావలసిన చోట తొమ్మిది వస్తుంది. చేయి వణకలేదు, గురి తప్పలేదు, పాయింటు పోయింది!

మరి బుల్లెట్‌ను ఇంకా వేగంగా పంపితే? మీకూ ఈ ఊహ తట్టే ఉంటుంది. ఇక్కడే తమాషా ఉంది. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. ఆ హద్దు దగ్గరపడి, దాటేసరికి గాలి అడ్డు ఒక్కసారిగా పెరుగుతుంది. అడ్డు పెరిగితే ఆలస్యమూ పెరుగుతుంది. అందుచేత హద్దు దాటిన పాయింట్ టూ టూ బుల్లెట్‌నే పక్కగాలి ఎక్కువగా తోసేస్తుంది. పోటీల తూటాలను ధ్వని వేగానికి కొంచెం లోపలే ఉంచడానికి ఇదొక ముఖ్య కారణం.

కనుక ఎయిర్ రైఫిల్ నుంచి వచ్చినవాడు గాలిని చదవడం కొత్తగా నేర్చుకోవాలి. రేంజిలో నాటిన చిన్న జెండాలు ఎటు వాలుతున్నాయో చూడాలి. ఎండకాలంలో దూరదర్శినిలోంచి ఎండమావులను గమనించాలి. మిరప కల్లాల మీద మధ్యాహ్నం గాలి అలలలా వణకడం గుంటూరు పిల్లలకు కొత్త కాదు. ఆ అలలు ఏ పక్కకు పారితే గాలి ఆ పక్కకు. నిట్టనిలువుగా ఉడుకుతున్నట్టుంటే గాలి నిలిచిందన్నమాట. ఈలోగా గాలి మనసు మార్చుకుంటే వేలు ఆపి ఓపిక పట్టాలి.

ఒంటికీ కొత్త పాఠాలే. ఎయిర్ రైఫిల్‌ను నిలబడే కాలుస్తారు. మూడు భంగిమల పోటీలో మోకాలి మీద, బోర్లా పడుకుని, నిలబడి కాల్చాలి. పడుకున్నప్పుడు తుపాకీ బరువును ఎముకలు, దండకు బిగించిన పటకా మోస్తాయి. ఆ పటకా నరాన్ని నొక్కితే గుండె కొట్టుకున్నప్పుడల్లా తుపాకీ కొస ఎగురుతుంది. మీటరు పొడవున్న తుపాకీ కొస రెండు కాగితాల మందం కదిలితే, గురి దగ్గర అది 8 మిల్లీమీటర్లకు పైనే!

నారంగ్ రెండో విద్యను వదలలేదు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పడుకుని కాల్చే పోటీలో రజతం, మూడు భంగిమల్లో కాంస్యం సాధించాడు. పడుకుని కాల్చే పోటీని 2016 తరువాత ఒలింపిక్స్ నుంచి తీసేశారు. మూడు భంగిమల పోటీ ఉంది. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే అందులో కాంస్యం గెలిచాడు. ఆ పోటీలో భారత్‌కు ఒలింపిక్ పతకం అదే మొదటిది. అప్పుడు మన బృందానికి అధినేతగా అక్కడ ఉన్నది గగన్ నారంగే.